రానీ... రానీ... బస్!

అనగనగా సైబరాబాద్‌లో ఒక ఇంజనీరు. యంత్రానికి తెలుగు నేర్పడం అతని ఉద్యోగం. నానక్‌రాంగూడలో అద్దాల భవనం, పద్నాలుగో అంతస్తు, బల్ల మీద చల్లారిపోయిన కాఫీ. పాత పత్రికల నుంచి, సినిమా సమీక్షల నుంచి, వంటల వీడియోల నుంచి పోగుచేసిన కోట్ల మాటలు అతని చేతి మీదుగా యంత్రంలోకి వెళ్తుంటాయి. ఏ మాట పక్కన ఏ మాట కూర్చుంటుందో యంత్రం లెక్క కట్టి వాక్యాలు అల్లుతుంది. దాని తెలుగు ఏ కాస్త మెరుగైనా తెర మీద ఒక గీత పైకి లేస్తుంది. ఆ గీత చూసుకుని, తృప్తిగా బ్యాగు సర్దుకుని, ఇంజనీరు కొండాపూర్ ఇంటికి బయల్దేరతాడు.

ఇంట్లో ఒక బుడ్డోడు. రెండో ఏడు నడుస్తోంది. వాడి గీత మాత్రం లేవడం లేదు. వాడికి వచ్చిన మాటలు మూడే: ‘అమ్మ’, ‘బువ్వ’, ‘దద్ద’. దద్ద అంటే నాన్నో, ఫ్యానో, కిందింటివాళ్ళ కుక్కో మనమే సందర్భం చూసి అర్థం చేసుకోవాలి. పిల్లల డాక్టరు చెవులు పరీక్షించాడు. “వినికిడి బాగుంది, కంగారు పడకండి. వాడితో మాట్లాడుతూ ఉండండి” అన్నాడు. తల్లికి ఆ సలహా నచ్చింది. తండ్రికి నచ్చలేదు. మాట్లాడుతూ ఉండడమేమిటి? ఎన్ని మాటలు? రోజుకు ఎన్నిసార్లు?

ఆ రాత్రే కార్డులు తయారయ్యాయి. అమ్మ, ఆవుతో మొదలై ఔషధం దాకా, దళసరి అట్ట మీద రంగు బొమ్మలు, పైన లామినేషను. ఆ ఇంట్లో ఔషధాన్ని సిరప్ అంటారు. ఓడను కళ్ళతో చూసినవాళ్ళు ఆ ఇంట్లో ఎవరూ లేరు. ఋషి సంగతి సరేసరి. అయినా వరస తప్పకూడదు కదా. పొద్దున పదిహేను నిమిషాలు, రాత్రి పదిహేను నిమిషాలు. “ఇదేంటి నాన్నా? ఓడ. ఏదీ, ఓ... డ.” బుడ్డోడు ఉడుత తోక కొరికాడు. ఒంటెను సోఫా కిందకు తోసి, పొట్ట మీద పాకుతూ వెళ్ళి తెచ్చుకుని, మళ్ళీ తోశాడు. తండ్రి పట్టు వదల్లేదు. ఒకరోజు ఓడ చూపించగానే వాడు “ఓ” అన్నాడు. స్ప్రెడ్‌షీటులో ఆ గడి పచ్చబడింది. ఓడ కార్డుకు ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతంతో గౌరవస్థానం దక్కింది.

ఆదివారం స్నానాల తొట్టిలో తల్లి కాగితప్పడవ వదిలింది. “ఓడ ఏది నాన్నా?” అని తండ్రి ఉత్సాహంగా అడిగాడు. బుడ్డోడు నీళ్ళలో నుంచి లేచి, వంటింటి వైపు చెయ్యి చూపించాడు. ఓడ ఫ్రిజ్ మీద ఉంది మరి.

ఇలా ఉండగా ఎండలు ముదిరి అపార్ట్‌మెంటు బోరు ఎండిపోయింది. ఆ దిక్కున అదేం వింత కాదు. అడుగున రాయి, పైన సిమెంటు. వాన నీరు దిగే చోటేది? పొద్దునపూట పదివేల లీటర్ల టాంకరు రావడం మొదలైంది. సందు ఇరుకు. బండి తిరగదు. మెయిన్ రోడ్డు నుంచి సంపు దాకా వెనక్కి రావాల్సిందే. పాలమూరు వైపు కుర్రాడొకడు క్లీనరు. బండి వెనక నడుస్తూ, అరచేత్తో టాంకరును చరుస్తూ, డ్రైవరుకు దారి చెప్పేవాడు.

“రానీ... రానీ... జర లెఫ్ట్... ఇంక రానీ... బస్, బస్!”

రెండు దెబ్బలు గట్టిగా పడగానే అంత బండీ బుస్సుమని ఆగేది. వాచ్‌మన్ సంపు మూత తీసేవాడు. మొదటి అంతస్తు బాల్కనీలో గ్రిల్లు పట్టుకుని బుడ్డోడు నోరు తెరిచి చూసేవాడు. ఆయా అదే అదను అనుకుని ఆ నోట్లో ఇడ్లీ పెట్టేది.

క్లీనరు వాణ్ని గమనించాడు. “ఏం పటేలా, రానియ్యాల్నా?” అని పైకి చూసి అడిగి, జవాబు కోసం నిజంగానే ఒక క్షణం ఆగేవాడు. బుడ్డోడు గ్రిల్లును చరిచేవాడు. క్లీనరు టాంకరును చరిచేవాడు. బండి కదిలేది. కొన్నాళ్ళు ఇదే ఆట. తర్వాత ఒకనాడు గ్రిల్లు దెబ్బతో పాటు “నీ” అని వినబడింది. బండి కదిలింది. “నీ... నీ...” బండి వస్తూనే ఉంది. ఉన్నట్టుండి, రెండు చేతులతో గ్రిల్లును బాది, ఒంట్లో ఉన్న బలమంతా తీసి వాడు “బచ్!” అని అరిచాడు.

క్లీనరు వెనక్కి చూశాడు. సంపు ఇంకా రెండు బారల దూరంలో ఉంది. అయినా టాంకరును రెండుసార్లు చరిచాడు. బండి ఆగింది. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, “ఏమైందిరా?” అన్నాడు.

“పటేల్ ఆపమన్నడే.”

బుడ్డోడు టాంకరు వంక చూశాడు, తన చేతుల వంక చూసుకున్నాడు. “నీ” అన్నాడు. కదిలింది. “బచ్.” ఆగింది. మళ్ళీ “నీ.” సందు మొదట్లో ఇరుక్కుపోయిన మూడు కార్లు హారన్లు కొడుతున్నాయి. బైకు టాక్సీ అబ్బాయి ఫుట్‌పాత్ ఎక్కించి పోయాడు. అక్కడ జరుగుతున్న పట్టాభిషేకం వాళ్ళకేం తెలుసు?

ఆ మధ్యాహ్నం పెరుగన్నం చెంచా దగ్గరకొస్తుంటే “నీ... నీ... బచ్” అని పెదాల ముందు ఆపించాడు వాడు. సాయంత్రం లిఫ్టు తలుపులకు చెప్పి చూశాడు. అవి వినలేదు, వాడు ఏడ్చాడు. తల్లి ఆఫీసు కాల్‌లో ఉండగా ఆమె రివాల్వింగ్ కుర్చీని వెనక్కి నడిపించాడు. వారం తిరిగేసరికి ‘ఇంక’ వచ్చి చేరింది: ఇంక నీళ్ళు, ఇంక కథ, ఇంక దద్ద. సెలవులకు భీమవరం నుంచి అమ్మమ్మ వచ్చి, “బస్ ఏంట్రా నాన్నా, చాలు అనాలి” అంటూ అన్నం పెట్టింది. అప్పటి నుంచి అన్నానికి చాలు, టాంకరుకు బస్. ఎవరూ విడదీసి చెప్పకుండానే వాడు రెంటినీ వేరువేరుగా వాడాడు.

ఇంజనీరు స్ప్రెడ్‌షీటు తెరిచాడు. ‘రానీ’ అందులో లేదు. లేకపోతే చేర్చవచ్చు కదా అని కొత్త అట్టముక్క తీశాడు. ఏ బొమ్మ వెయ్యాలి? లారీ గీస్తే అది లారీ అవుతుంది. వెనక్కి బాణం గుర్తు వేస్తే అది బాణం. పిలుస్తున్న చెయ్యి గీస్తే పిల్లవాడికి చెయ్యే కనబడుతుంది. అర్ధరాత్రి దాకా ఖాళీ అట్ట ముందు కూర్చున్నాడు. తన యంత్రం ఈ మాటను లక్షలసార్లు చదివి ఉంటుంది. అది ‘రానీ’ అన్నందుకు ఇంతవరకు దాని వైపు ఏదీ రాలేదు, ‘బస్’ అన్నందుకు ఏదీ ఆగలేదు.

మర్నాడు కిందికి దిగి క్లీనరును పలకరించాడు. “మా వాడికి మాటలు నేర్పేశావటగా. ఎలా నేర్పావయ్యా?”

క్లీనరు పైపు చుట్ట చుడుతూ నవ్వాడు. “నేనేడ నేర్పిన సార్? రానీ అన్నడు, రానిచ్చిన. ఆపమన్నడు, ఆపిన. గంతే.”

నీతి: పని జరిపించుకోగలిగిన మాటే పిల్లవాడి నోట నిలుస్తుంది.

చందమామ కథయితే ఇక్కడితో ముగిసేది. కానీ ఒక్క టాంకరును చూసి నీతిని నమ్మేయమంటే ఐటీ కారిడార్ తల్లిదండ్రులు ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. వాళ్ళకు అంకెలు కావాలి. ఆ ఇంజనీరు అంకెల పిచ్చికి కూడా ఒక చరిత్ర ఉంది. 1995లో అమెరికాలో బెటీ హార్ట్, టాడ్ రిజ్లీ అనే ఇద్దరు పరిశోధకులు, పేదింటి పిల్లలు నాలుగో ఏటికి ఉన్నవాళ్ళింటి పిల్లలకంటే మూడు కోట్ల మాటలు తక్కువ వింటారని లెక్కగట్టారు. ఆ లెక్క మీద తర్వాత చాలా తగాదాలు నడిచాయి గానీ, మూడు కోట్లన్న అంకె మాత్రం లోకమంతా తిరిగింది. మాటలు కుమ్మరిస్తే చాలు, పిల్లలు ఎదిగిపోతారనే నమ్మకం దానితో పాటే తిరిగింది. 2018లో ఎంఐటీలో రేచెల్ రోమియో బృందం నాలుగు నుంచి ఆరేళ్ళ పిల్లల ఇళ్ళల్లో మాటలు రికార్డు చేసి, వాళ్ళ మెదళ్ళను స్కాన్ చేసి చూసింది. చెవిన పడ్డ మాటల సంఖ్య కన్నా, నువ్వొకటి నేనొకటి అనుకున్న వంతుల సంఖ్యే భాషకు సంబంధించిన మెదడు చురుకుదనంతో ఎక్కువగా ముడిపడి ఉందని తేలింది. “రానియ్యాల్నా?” అని అడిగి, పిల్లవాడి వంతు కోసం ఆగిన ఆ క్షణం ఇదే.

మన మధ్యతరగతికి అసలు గుచ్చుకోవాల్సిన ప్రయోగం సియాటిల్‌లో జరిగింది. సగం కొండాపూర్‌కు చుట్టాలున్న ఊరే అది. 2003లో ప్యాట్రిషియా కూల్ బృందం ఇంగ్లీషు ఇళ్ళల్లో పెరుగుతున్న తొమ్మిది నెలల పాపలకు చైనా వాళ్ళ మాండరిన్ వినిపించింది. ఒక జట్టు ముందు మనుషులే కూర్చుని బొమ్మలతో ఆడించారు, పుస్తకాలు చదివి చూపించారు. మొత్తం పన్నెండు విడతలు. మరో జట్టుకు అదే మాండరిన్, అవే మాటలు, వీడియోలో. మనుషులతో ఆడిన పాపలు ఇంగ్లీషులో లేని మాండరిన్ ధ్వనుల తేడాను తైవాన్ పాపలకు దీటుగా పట్టుకున్నారు. వీడియో చూసినవాళ్ళకు ఏమీ అంటలేదు. అన్నం తినిపించడానికి ఫోన్‌లో తెలుగు పాటలు పెట్టి, తెలుగు కూడా కలిసొస్తుందిలే అనుకునేవాళ్ళు ఈ ముక్క రెండుసార్లు చదువుకోవచ్చు. పాట తప్పని నేననడం లేదు. ముద్ద దిగుతుంది. అంతవరకే.

కథలో ఇంజనీరుకు నిజజీవితంలో ఒక పెద్దన్న ఉన్నాడు. ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో డెబ్ రాయ్ యంత్రాలకు మాట నేర్పే మనిషే. 2005లో కొడుకు పుట్టగానే ఇంటి కప్పుకు పదకొండు కెమెరాలు, పద్నాలుగు మైకులు బిగించి, వాడికి మూడేళ్ళు వచ్చేదాకా ఇంట్లో జరిగిందంతా పోగుచేశాడు. ఒక్క వీడియోనే తొంభై వేల గంటలు. వాడు ‘గాగా’ అంటూ మొదలుపెట్టి నీళ్ళను ‘వాటర్’ అనడానికి ఎలా వచ్చాడో వరసగా వినిపించాడు. 2015లో రాయ్ బృందం ప్రచురించిన ఫలితమే మనకు కావలసింది: ఎక్కువసార్లు విన్న మాట ముందు వస్తుందని ఎవరైనా అనుకుంటారు, అది కొంతవరకు నిజం. అంతకంటే గట్టిగా పనిచేసింది ఇంకొకటి. ఫలానా చోట, ఫలానా వేళ, ఫలానా పని జరిగేటప్పుడు మాత్రమే వినబడే మాటలు త్వరగా వచ్చాయి. స్నానం దగ్గరి మాట స్నానం దగ్గరే, గుమ్మం మాట గుమ్మం దగ్గరే. ఓడ కార్డుకు చోటు లేదు, వేళ లేదు. ‘బస్’కు రెండూ ఉన్నాయి.

మరి తప్పులు దిద్దొద్దా అంటారు. మన ఇళ్ళల్లో దిద్దుతూనే ఉన్నాం, మనకు తెలియకుండా. రోజంతా అమ్మతో, ఆయాతో గడిపే పిల్ల “నాన్న వచ్చింది” అంటుంది. ఎవరూ పుల్లింగం గురించి ఉపన్యాసం ఇవ్వరు. “వచ్చాడా? ఏడీ?” అంటూ లేస్తారు. పిల్లకు ఆ రెండు మాటల్లో వ్యాకరణమూ దొరికింది, నాన్నా దొరికాడు. అదే పిల్ల, వచ్చింది పక్కింటి అంకుల్ అయినప్పుడు “నాన్న వచ్చాడు” అంటే మాత్రం వెంటనే “నాన్న కాదు” అంటాం. రోజర్ బ్రౌన్, కామిల్ హాన్లన్ 1970లో అమెరికా తల్లుల దగ్గర గమనించింది సరిగ్గా ఇదే. వాళ్ళు దిద్దింది వాక్యాన్ని కాదు, నిజాన్ని.

ఇక మన ఇంటి సంగతి. 1998 నవంబరు 22న ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించినప్పుడు మాదాపూర్ చుట్టూ ఎక్కువగా కనబడింది బండలే. ఆ తర్వాత అక్కడే పుట్టి పెరిగిన ఒక తరం వచ్చేసింది. వాళ్ళ తెలుగు పలచబడిందని పెద్దవాళ్ళు బాధపడుతుంటారు. ఇంగ్లీషు మీడియాన్ని తిడతారు, కార్టూన్లను తిడతారు. నాకు వేరే అనుమానం ఉంది. ఇంట్లో పిల్లవాడి కళ్ళ ముందు జరిగే పనులే మాయమైపోయాయి. చిక్కుడుకాయలు ఈనెలు తీసి వస్తున్నాయి, పిండి రుబ్బి వస్తోంది, కొత్తిమీర కడిగి వస్తోంది. పని పోయాక దాని వెంట ఉండే “పట్టుకో, వంచు, ఒంపు, ఒలుచు, తుంచు, ఒలకబొయ్యకు” ఎక్కడ నిలబడతాయి? మూడేళ్ళ పిల్లలకు కూడా నోటికొచ్చిన మాట ఒకటి ఉంది చూడండి: ఓటీపీ. దానికి ఎవరూ కార్డు చేయలేదు. బెల్లు మోగుతుంది, అమ్మ ఆ మాటంటుంది, సంచీ లోపలికొస్తుంది. పిల్లల దృష్టిలో అది మంత్రమే.

ఇంగ్లీషుకైనా ఇదే న్యాయం. ప్లేస్కూల్లో చేరిన పిల్ల తడబాటు లేకుండా చెప్పే మొదటి ఇంగ్లీషు వాక్యం ఏదో గమనించారా? వాష్‌రూముకు వెళ్ళనా మిస్ అన్నది. పద్యం కాదు, రంగుల పేర్లు కాదు. గదిలోంచి బయటపడే వాక్యం.

తెలంగాణలో 2018 చట్టం పదో తరగతి దాకా అన్ని బళ్ళలోనూ తెలుగు తప్పనిసరి చేసింది. మంచిదే. అయితే చట్టం చేతికి పిల్ల చిక్కేది ఒకటో తరగతిలో, దాదాపు ఆరేళ్ళకు. అప్పటికి ఏ మాటతో ఏ పని అవుతుందో పిల్ల తేల్చేసుకుని ఉంటుంది. అమెరికాలో 2007 నుంచి సిలికానాంధ్ర మనబడి నడుపుతున్నవాళ్ళకు ఈ కష్టం బాగా తెలుసు. వారాంతపు తరగతిలో నేర్చిన తెలుగుకు వారం మధ్యలో పని దొరకాలి, అదీ సమస్య. కాలిఫోర్నియాకు అమ్మమ్మ వచ్చిన ఆరు నెలలు పిల్లల తెలుగు పరుగెత్తుతుంది. అమ్మమ్మకు ఇంగ్లీషు రాకపోవడం ఆ ఇంటికి దొరికిన వరం.

ఇదంతా పడమటి ప్రయోగశాలల్లోంచి ఊడిపడ్డ జ్ఞానం అనుకుంటే మన గిడుగును మరిచిపోయినట్టే. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ, సవర భాష తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని, ఆ మాటలు నేర్చుకుని, సొంత డబ్బుతో సవర పిల్లలకు బళ్ళు పెట్టాడాయన. సవరలో పాఠం చెప్పించాడు. వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటం మనకు పండితుల తగాదాగా గుర్తుంది గానీ, దాని వెనక ఉన్నది బడిలో కూర్చున్న పిల్ల కళ్ళల్లోని అయోమయమే. ఒక శతాబ్దం తర్వాత, 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గోండి, కోయ, కొలామి, కువి, సవర, బంజారా సహా ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక పాఠాలు మొదలుపెట్టింది. ఇంట్లో కోయ మాట్లాడే పిల్లకు బడిలో మన తెలుగు పుస్తకమే ఫ్రిజ్ మీది ఓడ. ఈ మాట తెలుగు చచ్చిపోతోందని వాపోయే సభల్లో ఎవరూ అనరు, ఇక్కడైనా అననివ్వండి. కొండాపూర్‌లోనే, వాచ్‌మన్ గదిలో, ఇంట్లో ఒడియా, గేటు దగ్గర తెలుగు, కిరాణా కొట్లో హిందీ మాట్లాడే ఆరేళ్ళ పిల్లలుంటారు. వాళ్ళకు మూడు భాషలొచ్చినట్టు ఏ రిపోర్టు కార్డులోనూ ఉండదు.

ఉద్యోగాలు మానేసి రోలు, రోకలి తెచ్చుకోమని ఎవరికీ చెప్పలేం. బయోడైవర్సిటీ జంక్షన్ దాటి ఇల్లు చేరేసరికి రాత్రి ఎనిమిదవుతుంది. ఆ పూట ఓపిక ఉన్నంతవరకే ఏదైనా. కానీ బతుకమ్మ పండుగ ఎలాగూ వస్తుంది, గేటెడ్ కమ్యూనిటీ క్లబ్‌హౌసు ముందు లైట్లూ డీజే కూడా ఎలాగూ ఉంటాయి. ఈ మధ్య పేర్చిన బతుకమ్మలే అమ్ముతున్నారు. ఈసారికి విడిపూలు తెచ్చుకోండి: తంగేడు, గునుగు, బంతి. తాంబాళంలో గుమ్మడాకు పరవడం, కాడలు సమంగా చెయ్యడం, గునుగుకు రంగు అద్దడం, జారకుండా నొక్కిపెట్టడం, పైన పసుపు గౌరమ్మను నిలపడం. అన్నిటికీ మాటలున్నాయి, అన్నిటికీ చేతులు కావాలి. పూలు అందించే పని ఇంట్లో అందరికంటే చిన్నవాళ్ళకు ఇవ్వండి. బతుకమ్మ ఒక పక్కకు ఒరుగుతుంది. పక్క ఫ్లాటువాళ్ళది నిటారుగా ఉంటుంది. ఇదెవరు పేర్చారని ఎవరైనా అడిగితే మీరు జవాబు చెప్పకండి, మీ కాళ్ళ దగ్గర నిలబడ్డవాళ్ళు చెప్తారు.